ఒక్క స్పీకరా, మూడు స్పీకర్లా: అతుకు ఎక్కడ పడుతుంది?

నల్గొండ ప్రకాశం బజార్‌లోనో, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరో స్పీకర్ బాక్సులు అమ్మే దుకాణం ముందు కాసేపు నిలబడితే ఒక మాట తప్పకుండా చెవిన పడుతుంది: "దీంట్ల మూడు స్పీకర్లున్నయ్ అన్నా, సౌండ్ మస్తుంటది." బాక్సు ముఖం మీద ఎన్ని గుండ్రాలుంటే అంత మంచి సరుకని లెక్క. పాత వాల్వ్ రేడియోలు బాగుచేసుకుని వాడేవాళ్లను, బాక్సులు సొంతంగా కట్టుకునేవాళ్లను అడగండి. దానికి పూర్తిగా ఎదురు మాట వస్తుంది: "ఒక్కటే కోన్ ఉండాలె. నడుమ క్రాసోవర్ పడ్డదంటే పాట పోయినట్టే." కోన్ అంటే స్పీకర్‌లో గాలిని నెట్టే కాగితపు గరాటు. క్రాసోవర్ అంటే పాటను విడగొట్టి ఏ శబ్దం ఏ స్పీకర్‌కు పోవాలో పంచే భాగం.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మొదటి మనిషి పాట కొసల గురించి, అంటే బాగా లావు, బాగా సన్న శబ్దాల గురించి మాట్లాడుతున్నాడు, రెండో మనిషి పాట నడుమ గురించి. ఒకే స్పీకర్ ఉన్న బాక్సులో లోపాలు ఎక్కువగా కింది కొసన, పై కొసన కనిపిస్తాయి. పని పంచుకునే బాక్సులో లోపం ఉంటే అది రెండు స్పీకర్లు కలిసేచోట ఉంటుంది. ఆ చోటు చాలాసార్లు గొంతు పలికే చోటే. ఈ ఒక్క విషయం పట్టుబడితే బజార్లో వినే మాటల చిక్కు చాలావరకు విడిపోతుంది.

పది స్థాయిల పాట

మనిషి చెవికి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినబడుతుందని ఒక లెక్క. వయసు మీదపడేకొద్దీ పై కొస తగ్గుతూ వస్తుంది. హెర్ట్జ్ అంటే గాలి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో చెప్పే సంఖ్య. మన సంగీతంలో మంద్ర, మధ్య, తార అని స్థాయిలుంటాయి కదా, ఈ సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక స్థాయి పైకెక్కినట్టు. 20 నుంచి 20,000 అంటే దాదాపు పది స్థాయిలు. మూడు స్థాయిలు పలికే గొంతును గొప్ప గొంతంటాం. స్పీకర్‌ను పది పలకమంటున్నాం.

ఈ పది స్థాయిల్లో ఏది ఎక్కడుంటుంది? మామూలుగా మాట్లాడేటప్పుడు మగగొంతు ఆధార శ్రుతి సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య, ఆడగొంతుది సుమారు 165 నుంచి 255 మధ్య ఉంటుంది. అయితే మాట అర్థమయ్యేది ఆ ఆధార శ్రుతి వల్ల కాదు, దాని పైన వచ్చే అచ్చుల రంగు, హల్లుల రాపిడి వల్ల. "స" పలికినప్పుడు వచ్చే గాలి చప్పుడు ఎక్కువభాగం 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. "శ", "ష" దానికంటే కింద, రెండు మూడు వేల నుంచే మొదలవుతాయి. పాత ఫోన్ లైన్ 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. అందుకే ఫోన్లో "సాయి"నా "ఫాయి"నా అని రెండోసారి అడగాల్సి వచ్చేది. ఒగ్గుకథలో డోలు దెబ్బ బరువు కింది కొసన ఉంటుంది. డప్పు మీద చిటికెన పుల్ల తగిలినప్పటి చురుకు పైన ఉంటుంది. పన్నెండు మెట్ల కిన్నెర, దాంతో పాడే గొంతు నడుమ కూర్చుంటాయి.

ఇంకో కొలత కూడా కావాలి. ధ్వని మన వాతావరణంలో సెకనుకు సుమారు 345 మీటర్లు పోతుంది. దాన్ని హెర్ట్జ్‌తో భాగిస్తే ఒక్కో అల పొడవు వస్తుంది. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు, మన ఇళ్లలో గది గోడ నుంచి గోడకు ఉండే దూరం కంటే ఎక్కువ. 1,000 హెర్ట్జ్‌ది 34 సెంటీమీటర్లు. 10,000 హెర్ట్జ్‌ది మూడున్నర సెంటీమీటర్లు. ఏడు మీటర్ల అలనూ, వేలి పొడవు కూడా లేని అలనూ ఒకే కాగితపు కోన్ పుట్టించాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒక్క కోన్ మీద పడే బరువు

ఇవాళ మన ఇళ్లలో ఉన్న స్పీకర్లన్నీ దాదాపు ఒకే తీరువి. అయస్కాంతం చీలికలో ఒక తీగ చుట్ట, దానికి అతికించిన కోన్. కరెంటు అటూ ఇటూ మారుతుంటే చుట్ట ముందుకీ వెనక్కీ కదులుతుంది, కోన్ గాలిని నెడుతుంది. ఈ రూపాన్ని అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ప్రకటించారు. వందేళ్లయినా మూలం మారలేదు.

కింది శ్రుతి పలకాలంటే కోన్ ఎక్కువ దూరం కదలాలి. లెక్క కఠినమైనది: శబ్దం అంతే గట్టిగా ఉంచుతూ శ్రుతిలో ఒక్క స్థాయి కిందికి దిగితే కదలిక నాలుగింతలవుతుంది. ఒక నాలుగు అంగుళాల స్పీకర్ 200 హెర్ట్జ్ దగ్గర మిల్లీమీటర్‌లో పదో వంతు కదులుతోందనుకుందాం. 100 దగ్గర 0.4 మిల్లీమీటర్లు కావాలి. 50 దగ్గర 1.6. 25 దగ్గరికొస్తే 6.4. చిన్న స్పీకర్లు చాలావరకు అంత దూరం కదలలేవు. కదలిక చాలకపోతే కింది శ్రుతి బలహీనమవుతుంది, బలవంతంగా కదిలిస్తే చుట్ట అయస్కాంతపు చీలిక దాటిపోయి శబ్దం చెడుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. డోలు దెబ్బకు కోన్ ముందుకీ వెనక్కీ దూకుతున్నప్పుడే గొంతు కూడా అదే కోన్ మీద ప్రయాణిస్తోంది. ఊగుతున్న ఎడ్లబండి మీద నిలబడి పాడినట్టు గొంతు కొద్దిగా వణుకుతుంది.

"అయితే పెద్ద కోన్ పెడితే సరి" అనిపిస్తుంది. ఎనిమిది అంగుళాల కోన్ కింది శ్రుతిని తేలికగా పలుకుతుంది, కానీ పై కొసన ఇంకో కష్టం ఎదురవుతుంది. అల పొడవు కోన్ వెడల్పుకు దగ్గరపడేకొద్దీ శబ్దం టార్చిలైటు వెలుతురులా ముందుకే పోతుంది, పక్కలకు పరచుకోదు. ఎనిమిది అంగుళాల స్పీకర్‌లో పనిచేసే కోన్ వెడల్పు సుమారు 17 సెంటీమీటర్లు. 17 సెంటీమీటర్ల అల అంటే దాదాపు 2,000 హెర్ట్జ్. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ ఎదురుగా కూర్చున్నవాడికే "స" స్పష్టంగా వినబడుతుంది, పక్కన కూర్చున్నవాడికి పాట దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. నాలుగు అంగుళాల స్పీకర్‌లో ఈ ఇబ్బంది నాలుగు వేల హెర్ట్జ్ దాటాకే మొదలవుతుంది.

దీనికి తోడు, పై శ్రుతుల్లో కోన్ ఒకే ముక్కలా కదలదు. నడిమి భాగం ఒక తీరుగా, అంచు ఇంకో తీరుగా ఊగుతుంది. కోన్ రకాన్ని బట్టి కొన్ని శ్రుతులు ఉబ్బుతాయి, కొన్ని పడిపోతాయి. తయారీదార్లు ఈ గుణాన్నే పనికి వాడుకున్నారు. పెద్ద కోన్ నడుమ ఒక చిన్న గట్టి కోన్ అతికిస్తారు. పై శ్రుతులకు పెద్ద కోన్ వెనకబడిపోతుంది, చిన్నది ఒక్కటే పలుకుతుంది. ఇంగ్లండ్‌లో పాల్ వోయిట్ ఈ దారిలో ముందు నడిచినవాళ్లలో ఒకడు. ఆయన పని లోథర్ స్పీకర్లలో కొనసాగింది. జపాన్‌లో ఫోస్టెక్స్ కంపెనీ కూడా ఇలాంటి స్పీకర్లకు పేరుపొందింది. ఇక్కడ ఒక విషయం నాకు ముఖ్యమనిపిస్తుంది. "మాది క్రాసోవర్ లేని స్పీకర్" అన్నప్పుడు అది పూర్తిగా నిజం కాదు. ఆ చిన్న కోన్‌ను పట్టుకున్న జిగురు, మెత్తబడిన కాగితం కలిసి ఆ పనే చేస్తున్నాయి. తీగలతో చేసిన పనిని లెక్కగట్టి సరిదిద్దవచ్చు. జిగురుతో చేసినదాన్ని సరిదిద్దడం కష్టం.

మరి ఒక్క స్పీకర్ అంత తియ్యగా ఎందుకుంటుంది?

ఇన్ని లోపాలున్నా, ఒకే స్పీకర్ బాక్సులో కిన్నెర పాటో, తంబూరతో పాడే తత్వమో విన్నవాళ్లు దాన్ని మరిచిపోలేరు. ఇది భ్రమ కాదు, కారణాలున్నాయి.

గొంతు మొత్తం, ఆధార శ్రుతి నుంచి "స" చప్పుడు దాకా, ఒకే చోటు నుంచి ఒకే క్షణంలో వస్తుంది. మనిషి నోరు కూడా అంతే కదా. రెండు మూడు అడుగుల దూరంలో కూర్చుని విన్నా, పైకి లేచినా, గొంతు ముక్కలు కాదు. రెండో కారణం, ఆంప్లిఫయర్‌కూ చుట్టకూ నడుమ ఏ వస్తువూ లేదు. మూడోది, ఈ తరహా పెద్ద స్పీకర్లు కొన్ని చాలా తక్కువ కరెంటుతోనే గట్టిగా పలుకుతాయి. శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచేది డెసిబెల్. మామూలు ఇంటి బాక్సు ఒక వాటుకు ఒక మీటరు దూరంలో 86 నుంచి 88 డెసిబెల్ ఇస్తే, ఇవి 95 కూడా దాటగలవు. ప్రతి 3 డెసిబెల్‌కు ఆంప్లిఫయర్ శక్తి రెట్టింపు కావాలి. 87 ఇచ్చే బాక్సుకు 16 వాట్లు కావలసినచోట 96 ఇచ్చే బాక్సుకు 2 వాట్లు చాలు. కొద్ది వాట్ల వాల్వ్ ఆంప్లిఫయర్లు ఇష్టపడేవాళ్లు ఈ స్పీకర్లనే వెతుక్కోవడం అందుకే.

పాత రేడియో విషయానికొస్తే ఇంకో కారణముంది. మీడియం వేవ్‌లో స్టేషన్లకు మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. అందువల్ల మనకు చేరే శబ్దం సుమారు 4,500 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం నుంచి వచ్చిన పొలం పనుల ముచ్చట్లు, ప్రాంతీయ వార్తలు ఆ ఒక్క కోన్ మోయగలిగినంతలోనే ఉండేవి. తాత రేడియోలో గొంతు అంత నిండుగా ఉండేదని పెద్దవాళ్లు చెప్పే మాటలో జ్ఞాపకం పాలు కొంత ఉండొచ్చు, కానీ వచ్చే శబ్దానికీ పలికే స్పీకర్‌కూ చక్కగా జత కుదిరిందన్నది లెక్క ప్రకారమే నిజం. ఎఫ్‌ఎం 15,000 హెర్ట్జ్ దాకా మోస్తుంది. క్యాసెట్, సీడీ వచ్చాక అవసరం పెరిగింది.

రికార్డింగ్ స్టూడియోల్లో కూడా ఒకే స్పీకర్ ఉన్న చిన్న పెట్టెలు చాలాకాలంగా వాడుతున్నారు. ఆరటోన్ అనే అమెరికన్ పెట్టె వాటిలో పేరున్నది. దాంట్లో కింది కొస, పై కొస రెండూ తక్కువే. అది కావాలనే పెట్టుకుంటారు. కొసల ఆకర్షణ లేకపోతే గొంతు సంగీతంలో మునిగిపోతోందా, తేలుతోందా అన్నది చప్పున తెలుస్తుంది.

ఈ పక్షానికి ఎదురు వాదన కూడా చెప్పాలి. అన్ని శ్రుతులనూ ఒక్కటే పలికే ఈ స్పీకర్లను ఫుల్‌రేంజ్ అంటారు. చాలా ఫుల్‌రేంజ్ స్పీకర్లు రెండు మూడు వేల హెర్ట్జ్ పైన కొంచెం ఎక్కువ గట్టిగా పలుకుతాయి. మన చెవి అతి సున్నితంగా ఉండేది కూడా ఆ చుట్టుపక్కలే. అందువల్ల గొంతు మీద వెలుతురు పడ్డట్టుంటుంది. కొందరు "నిజం" అనేది ఈ ఉబ్బునే. ఒక గాయనికి అది అందంగా కుదిరి, నాదస్వరానికి చెవిలో గుచ్చుకోవచ్చు.

పని పంచితే ఏమవుతుంది

కొసలు రెండూ కష్టమైతే పంచుకుంటే సరిపోతుంది. కింది శ్రుతులకు పెద్ద ఊఫర్, పై శ్రుతులకు అంగుళమంత ట్వీటర్. ఇంకా వీలైతే నడుమ ఒక మిడ్‌రేంజ్. ఎవరికి ఏది వెళ్లాలో విడగొట్టేదే క్రాసోవర్.

దాని మూలం చాలా సులువు. కండెన్సర్ పై శ్రుతులను తేలికగా పోనిస్తుంది, కింది వాటిని ఆపుతుంది. తీగ చుట్ట దానికి తలకిందులు. ట్వీటర్ దారిలో కండెన్సర్, ఊఫర్ దారిలో చుట్ట పెడితే శబ్దం రెండు పాయలవుతుంది. ఎక్కడ విడిపోవాలన్నది కాగితం మీదే తేలిపోతుంది. 1,59,000ను శ్రుతితోనూ, కరెంటుకు ఉన్న అడ్డును చెప్పే స్పీకర్ ఓమ్‌లతోనూ భాగిస్తే కండెన్సర్ విలువ మైక్రోఫారడ్లలో వస్తుంది. 8 ఓమ్‌ల ట్వీటర్, 3,000 హెర్ట్జ్ దగ్గర విడగొట్టాలి: 1,59,000ను 24,000తో భాగిస్తే 6.6 మైక్రోఫారడ్లు. అదే చోటుకు ఊఫర్ వైపు చుట్ట 0.42 మిల్లీహెన్రీలు.

ఇలా ఒక్కో వస్తువు పెడితే గోడ కట్టినట్టు కోత పడదు. స్థాయికి 6 డెసిబెల్ చొప్పున మెల్లగా వాలుతుంది. 3,000 దగ్గర విడగొట్టినా 1,500 హెర్ట్జ్ శబ్దం ఇంకా గణనీయంగానే ట్వీటర్‌కు చేరుతుంది. వాల్యూం పెంచితే ఆ సన్నని చుట్ట కాలిపోయేది అందుకే. వస్తువులు పెంచితే వాలు నిటారవుతుంది: స్థాయికి 12, 18, 24. అమెరికాలో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీ కలిసి రూపొందించిన పద్ధతి 1976లో వెలువడింది. కలిసేచోట ఊఫరూ ట్వీటరూ ఒక్కొక్కటి 6 డెసిబెల్ తగ్గి, ఒకే అడుగు మీద నడుస్తాయి. రెంటినీ కలిపితే శబ్దం సరిగ్గా మొదటంతే ఉంటుంది. ఇవాళ మంచి బాక్సుల్లో, పెద్ద సౌండ్ సిస్టంలలో ఎక్కువగా వాడుకలో ఉన్నది ఆ లింక్విట్జ్-రైలీ పద్ధతే.

గద్వాల చీర తెలిసినవాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. చీర నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు దారాలకు రెండు స్వభావాలు, రెండు బిగువులు. అవి కలిసేచోట నేతగాళ్లు అడ్డపోగులను ఒకదానితో ఒకటి మెలివేసి నేస్తారు. ఆ మెలిక సరిగ్గా పడితే చెయ్యి పెట్టి తడిమినా ఎక్కడ మారిందో తెలియదు. తప్పితే అంచు ముడతలు పడుతుంది. నూలు చీరకు ఆ భయం లేదు, కానీ దానికి పట్టు అంచూ లేదు.

అతుకు దగ్గర చిన్న లెక్క

మెలిక తప్పడమంటే స్పీకర్ విషయంలో ఏమిటి? ఊఫర్, ట్వీటర్ ఒకే చోట లేవు. ఒకటి కింద, ఒకటి పైన. వాటి నడిబొడ్డుల మధ్య 16 సెంటీమీటర్లు అనుకుందాం. రెండూ కలిసి పలికే చోటు 2,500 హెర్ట్జ్, అక్కడ అల పొడవు దాదాపు 13.8 సెంటీమీటర్లు. మీరు ఒక మీటరు దూరంలో, ట్వీటర్ ఎత్తులో చెవి ఉండేలా కూర్చున్నారు. ఆ చోటుకు రెండు శబ్దాలూ కలిసి చేరేట్టు బాక్సు చేశారు.

ఇప్పుడు లేచి నిలబడితే చెవి అరమీటరు పైకి పోయింది. ట్వీటర్ కంటే ఊఫర్ ఇప్పుడు మునుపటికన్నా 6.7 సెంటీమీటర్లు ఎక్కువ దూరమైంది. అది దాదాపు సగం అల. ఒకటి గాలిని ముందుకు నెట్టే క్షణంలో రెండోది వెనక్కి లాగుతోంది. 2,500 హెర్ట్జ్ దగ్గర శబ్దం చాలామటుకు రద్దయిపోతుంది. మాటలోని "శ", "చ" లాంటి చప్పుళ్లు బతికేది ఆ చుట్టుపక్కలే. కూర్చున్నప్పుడు ఒక గొంతు, నిలబడ్డప్పుడు ఇంకో గొంతు.

అదే బాక్సును మూడు మీటర్ల దూరం నుంచి వింటే? లేచి నిలబడినా తేడా 2.6 సెంటీమీటర్లే, అలలో ఐదో వంతు కూడా కాదు. తగ్గేది డెసిబెల్‌న్నర. చాలామందికి తెలియను కూడా తెలియదు. ఒకే బాక్సు గురించి ఇద్దరు మనుషులు రెండు రకాలుగా చెప్పడానికి చాలాసార్లు కారణం చెవుల తేడా కాదు, కుర్చీ వేసుకున్న చోటు.

దీనికి ఒక పాత మందు ఉంది. ట్వీటర్‌ను ఊఫర్ నడిబొడ్డునే కూర్చోబెట్టడం. ఇంగ్లండ్‌లో టానాయ్ కంపెనీ 1947లో ఇలాంటి జంట స్పీకర్‌ను తెచ్చింది. కార్ల తలుపుల్లో ఇవాళ కనిపించే గుండ్రటి స్పీకర్లు కూడా ఆ కుటుంబమే. అతుకు ఉంటుంది, కానీ కూర్చున్నా లేచినా దూరం తేడా రాదు.

ఇంకో చిన్న వివాదం ఉంది. క్రాసోవర్ వల్ల కింది శ్రుతులు పై శ్రుతులకంటే రవ్వంత ఆలస్యంగా వస్తాయి. ఒకే స్పీకర్‌ను ఇష్టపడేవాళ్లు దీన్నే పెద్ద తప్పుగా చూపిస్తారు. ఇంజనీర్లలో చాలామంది మాత్రం ఆ ఆలస్యాన్ని ఒక్కదాన్నే విడదీసి వినిపిస్తే మామూలు సంగీతంలో పట్టుకోవడం చాలా కష్టమంటారు. నాకు రెండో పక్షమే సరైనదనిపిస్తుంది. చెవికి గుచ్చుకునేది ఆ ఆలస్యం కాదు, రెండు స్పీకర్ల శబ్దం పరచుకునే తీరులో వచ్చే ఎడబాటు. ఊఫర్ టార్చిలైటులా ముందుకే పలుకుతున్న శ్రుతి దగ్గర, గదినిండా పరచుకునే ట్వీటర్ హఠాత్తుగా అందుకుంటే గోడలు తిప్పిపంపే శబ్దం రంగు మారిపోతుంది.

"త్రీ వే" అని రాసి ఉన్నంత మాత్రాన

త్రీ వే అంటే పనిని మూడు స్పీకర్లకు పంచినదని. బజార్లో తక్కువ ధరకు దొరికే బాక్సు విప్పి చూస్తే చాలాసార్లు కనిపించేది ఇదే: ఊఫర్‌కు తీగలు నేరుగా, ట్వీటర్‌కు ఒకే ఒక్క కండెన్సర్, 4.7 లేదా 2.2 మైక్రోఫారడ్లది. నడుమ మెరిసే మూడో గుండ్రం ఉంటే దానికీ ఒకటి. చుట్ట ఉండదు, ఎందుకంటే రాగి ఖరీదు.

దీని లెక్క చూద్దాం. 8 ఓమ్‌ల ట్వీటర్‌కు 4.7 పెడితే విడిపోయే చోటు సుమారు 4,200 హెర్ట్జ్. అదే కండెన్సర్‌ను 4 ఓమ్‌ల ట్వీటర్‌కు పెడితే 8,400 దాటుతుంది. చూడ్డానికి రెండు ట్వీటర్లూ ఒకేలా ఉంటాయి. కిందనున్న ఎనిమిది అంగుళాల ఊఫర్ 2,000 దాటాక పక్కలకు పలకడం మానేస్తుంది, ఆపే చుట్ట లేదు కాబట్టి ఆ పైన తన ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది. అంటే 2,000 నుంచి 8,000 వరకు, మాట స్పష్టతకు ప్రాణమైన రెండు స్థాయిల్లో, ఏది పలుకుతోందో ఎవరి చేతిలోనూ లేదు. ఆ బాక్సులో డోలు దడదడలాడుతుంది, తాళం చిటచిటలాడుతుంది, నడుమ పాడే మనిషి పక్కగదిలో ఉన్నట్టుంటాడు. ట్వీటర్ ఊఫర్ కన్నా 4 డెసిబెల్ గట్టిదైతే దాన్ని తగ్గించే రెసిస్టర్లు కూడా కావాలి. అవీ కనిపించవు.

క్రాసోవర్ మీద ఉన్న చెడ్డపేరులో పెద్దభాగం ఈ బాక్సులు తెచ్చిపెట్టినదే. ఇది క్రాసోవర్ చేసిన తప్పు కాదు, క్రాసోవర్ లేకపోవడం చేసిన తప్పు. సరిగ్గా చేసిన రెండు స్పీకర్ల బాక్సు ముందు, సరిగ్గా చేసిన ఒక్క స్పీకర్ బాక్సు ముందు కూడా ఈ మూడు గుండ్రాలు నిలవవు. గుండ్రాలు లెక్కపెట్టి ధర చెప్పే పద్ధతి మన దగ్గర ఎన్నేళ్లుగానో సాగుతోంది, డబ్బు జాగ్రత్తగా కూడబెట్టి కొనుక్కునే మనుషులకు అది అన్యాయం.

గుడి మీది హారన్, జాతర బాక్సులు

ఒక్క స్పీకర్ అంటే ఇంట్లో కూర్చుని వినేవాళ్ల ముచ్చటే అనుకోనక్కర్లేదు. ఊళ్లో గుడి గోపురం మీదో, మసీదు మినార్ మీదో ఉండే హారన్ కూడా ఒకే యూనిట్. వెనక చిన్న యూనిట్, ముందు మడతపెట్టిన బూర. సుమారు కొన్ని వందల హెర్ట్జ్ నుంచి కొన్ని వేల దాకా మాత్రమే పలుకుతుంది. కింది కొస లేదు, పై కొసా లేదు. కానీ తక్కువ వాట్లతో పొలాల అవతలి దాకా మాట అర్థమయ్యేలా మోస్తుంది. మాట ఉండే నడిమి స్థాయిలనే పట్టుకుని, మిగతావి వదిలేయడమే దాని తెలివి. దాని నుంచి డప్పు పాట వింటే మాత్రం డప్పు రేకు డబ్బాలా వినిపిస్తుంది.

చెరువుగట్టు జాతరకో, కురుమూర్తి జాతరకో వచ్చే జనం ముందు పెట్టే సౌండ్ వేరే లెక్క. మైదానంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్ పోతుంది. ఒక మీటరు దగ్గర 100 ఉంటే 2 మీటర్లకు 94, 4కు 88, 8కి 82, 16కు 76, 32కు 70. ముప్పై మీటర్ల అవతల నిలబడ్డ మనిషికి మళ్లీ 82 కావాలంటే 12 డెసిబెల్ పెంచాలి. అంటే శక్తి పదహారింతలు. 5 వాట్లతో పాడే చిన్న స్పీకర్‌ను 80 వాట్లకు నెడితే దాని చుట్ట కాలుతుంది, కోన్ చిరుగుతుంది. ఇక్కడ పని పంచుకోక తప్పదు. పద్దెనిమిది అంగుళాల బేస్ బాక్సులు కింద, టాప్ బాక్సులు పైన, టాప్‌లో మళ్లీ కోన్, హారన్ యూనిట్. శబ్దాన్ని ఆంప్లిఫయర్‌కు ముందే ప్రాసెసర్ విడగొడుతుంది, ఒక్కో పాయకు ఒక్కో ఆంప్లిఫయర్. బేస్ బాక్సుకూ టాప్‌కూ మధ్య అతుకు సాధారణంగా 100 హెర్ట్జ్ అటూ ఇటూగా పెడతారు. ఏ పాయను ఎన్ని మిల్లీసెకన్లు ఆపాలో కూడా అందులోనే పెట్టొచ్చు. బాక్సులు వెనకాముందు నిలబెట్టినా అతుకు సరిచేసుకునే వీలుంది.

ఊళ్లలో డీజేల మీద వచ్చే గొడవలకు కూడా ఇక్కడే ఒక మూలముంది. 50 హెర్ట్జ్ అలకు ఇంటి గోడ పెద్ద అడ్డు కాదు. ట్వీటర్ చప్పుడు తలుపు మూస్తే ఆగుతుంది, బేస్ ఆగదు. రోగి మంచం దాకా వచ్చేది అదే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్ల వాడకాన్ని నియంత్రిస్తాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ హద్దు పెట్టాయి.

అతుకును గొంతు కిందికి జరిపితే

ఈ రెండు పక్షాల నడుమ ఇంకో దారి ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. మూడు నాలుగు అంగుళాల ఒకే స్పీకర్‌ను 150, 200 హెర్ట్జ్ నుంచి పైకి మొత్తం పాడనిస్తారు. అంతకు కింద ఉన్నది మాత్రం వేరే ఊఫర్‌కు అప్పజెప్తారు. చిన్న కోన్ మీద డోలు బరువు పడదు. కదలిక నాలుగింతలు పెరిగే ఆ మెట్లు దిగాల్సిన అవసరమే దానికి రాదు. అతుకు ఉంటుంది, కానీ 200 హెర్ట్జ్ దగ్గర అల పొడవు 1.7 మీటర్లు. ఊఫర్, స్పీకర్ అరడుగు ఎడంగా ఉన్నా ఆ అల ముందు అది లెక్కలోకి రాదు. లేచి నిలబడినా, పక్కకు జరిగినా గొంతు ముక్కలవ్వదు. "శ", "స" ఒకే కోన్ నుంచి వస్తాయి. పై కొసన కొంచెం మెరుపు తగ్గుతుంది, పక్కన కూర్చున్నవాళ్లకు ఇంకాస్త తగ్గుతుంది. అది ఒప్పుకోవాల్సిందే.

మునుపు ఇలా చేయడం కష్టం. అంత కింది శ్రుతికి కండెన్సర్లు, చుట్టలు చాలా పెద్దవి కావాలి. 8 ఓమ్‌లకు 200 హెర్ట్జ్ దగ్గర కండెన్సర్ దాదాపు 100 మైక్రోఫారడ్లు, చుట్ట 6 మిల్లీహెన్రీల పైమాటే. ఇప్పుడు ఆ పనిని చిన్న డిజిటల్ చిప్ చేస్తుంది, ఒక్కో స్పీకర్‌కు చిన్న ఆంప్లిఫయర్ చవకగా దొరుకుతుంది. ఉబ్బిన శ్రుతులను కూడా అదే చిప్‌లో అణచవచ్చు. ఫుల్‌రేంజ్ స్పీకర్‌ను ఈక్వలైజర్‌తో సరిచేయడం, అంటే కొన్ని శ్రుతులను పెంచి కొన్నిటిని తగ్గించడం, కొత్త ఆలోచన కూడా కాదు. 1968లో వచ్చిన బోస్ 901లో తొమ్మిది ఒకే రకం చిన్న స్పీకర్లు, వాటి కొసలను ఎత్తిపట్టే ఈక్వలైజర్ ఉండేవి.

ఏ బాక్సులో అతుకు ఎలా పడిందో వినడానికి పెద్ద పాట కూడా అక్కర్లేదు. రేడియోలో వార్తలు చదివే ఒక్క గొంతు చాలు. "శాసనసభ సమావేశాలు" అన్న రెండు మాటలు కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి, గది మూలకు వెళ్లి ఒకసారి వింటే, అతుకు బాగా పడిన బాక్సులో "శ", "స" ఆ మనిషి నోట్లోనే ఉంటాయి. పడని బాక్సులో అవి గొంతును వదిలేసి, బాక్సు పైభాగాన వేరే మనిషెవరో పలికినట్టు విడిగా వినిపిస్తాయి.